గెట్టు మీద గునుగు

“గునుగు పువ్వు అసలు రంగేంటి పిన్నీ?” అని మా స్నేహితురాలి కూతురు అడిగింది. పదేళ్ళ పిల్ల. నిరుడు బతుకమ్మకు వాళ్ళమ్మ హైదరాబాద్ గుడిమల్కాపూర్ పూల మార్కెట్ నుంచి తెచ్చిన కట్టల్లో ఒకటి గులాబి, ఒకటి ఆకుపచ్చ, ఒకటి ఊదా. అన్నీ రంగునీళ్ళలో ముంచి ఆరబెట్టినవే. ఊహ తెలిసినప్పటి నుంచి ఆ పిల్ల చూసిన గునుగు అదే. తెల్లగా ఉంటుందమ్మా అని చెబితే సరిపోయేది. కానీ ఇది చెప్పి ఊరుకునే సంగతి కాదనిపించింది. గత ఆదివారం నలుగురు స్నేహితురాళ్ళం పిల్లను వెంటబెట్టుకుని అనంతగిరి గుట్టలకు బయల్దేరాం.

పొద్దున్నే లింగంపల్లిలో రైలెక్కి వికారాబాద్‌లో దిగాం. అక్కడి నుంచి గుట్ట మీదికి ఆటో. మూసీ పుట్టింది ఈ గుట్టల్లోనే. నేలంతా జేగురు రంగు. భాద్రపదం వానలకు ఆ ఎరుపు మీద పచ్చదనం ఇంకా ముదురుగా కనిపించింది. మాలో ఒకామె కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుంది. ఆమెతో నడిస్తే పది అడుగులకు పావుగంట పడుతుంది. గడ్డిలో చిటికెన వేలి గోరంత నీలం పువ్వును చూపించి “విష్ణుక్రాంతం” అంది. మొన్న వినాయక చవితినాడు పుస్తకం చూసి ‘విష్ణుక్రాంత పత్రం పూజయామి’ అని చదివింది నేనే. ఆ మొక్క నా కాలి పక్కనే ఉంటే గుర్తుపట్టలేకపోయాను. కాసేపటికి నా చీర అంచుకు ముళ్ళలాంటి గింజలు వరసగా అంటుకున్నాయి. “అదేనే నీ అపామార్గం. మన ఉత్తరేణి” అంది. ఏటా పేరు పెట్టి పిలిచి పూజించే మొక్కలు ఎదురైతే ముఖం తెలియకపోవడం నాకు బాధనిపించింది.

చెట్లు పలచబడి ఎండ పడే చోటికి వచ్చేసరికి తంగేడు. 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పమైంది కాబట్టి బడి పిల్లలకు పేరు తెలుసు. పొద కొమ్మల నిండా పసుపు గుత్తులు, వాటి మీద నల్ల తుమ్మెదలు. మా లెక్చరర్ అందరినీ మాట్లాడొద్దని, చెవి పెట్టి వినమంది. తుమ్మెద గాల్లో ఉన్నప్పుడు ఒక మోత. పువ్వు మీద వాలి కేసరాలను కాళ్ళతో పట్టుకోగానే ఆ మోత మారిపోయి సన్నగా, తెంపులు తెంపులుగా వినబడింది. తంగేడు పువ్వులో తేనె ఉండదు. ఉన్నదల్లా పుప్పొడే, అదీ కేసరాల కొసన ఉండే చిన్న రంధ్రాల్లోంచి రావాలి. తుమ్మెద రెక్కలు ఆడించకుండా ఒళ్ళంతా అదిరిస్తే, ఉప్పుడబ్బా దులిపినట్టు పుప్పొడి రాలుతుంది. పిల్ల చాలాసేపు అక్కడి నుంచి కదల్లేదు. ఆ పొదను పశువులు ముట్టవు, దాని చెక్కతో తోళ్ళు ఊనేవారు, ఆకును మడిలో తొక్కి ఎరువు చేసేవారు. ఇవన్నీ మేం చెబుతూనే ఉన్నాం. పిల్లకు మాత్రం ఆ మోతే కావాల్సి వచ్చింది.

గునుగు మాత్రం గుట్ట మీద అంతగా కనిపించలేదు. దాని చోటు అడవి కాదు. దున్నిన నేల, చెలక, బీడు. అందుకని మధ్యాహ్నం సద్ది తిన్నాక గుట్ట దిగి చెలకల వైపు నడిచాం. ఒక చేను కంది, పక్కది పత్తి. సాళ్ళ మధ్య నేల నున్నగా ఉంది. ఒక్క కలుపు మొక్క లేదు. గెట్టు మీద మాత్రం మోకాలెత్తున గునుగు నిలబడి ఉంది.

పిల్ల ఒక కంకిని చేతిలోకి తీసుకుంది. దగ్గరగా చూస్తే గునుగు పూర్తిగా తెలుపు కాదు. కొసన లేత గులాబి. కిందికి వచ్చే కొద్దీ ఆ రంగు వెలిసి, అడుగున వెండిలాగా మెరుస్తుంది. పువ్వు కింది నుంచి పైకి పూస్తుంది. కొసన ఇంకా మొగ్గ విచ్చుతుంటే అడుగున గింజ పండిపోతుంది. చేత్తో నలిపితే పొట్టు ఎగిరిపోయి అరచేతిలో ఆవగింజ కన్నా చిన్నవి, నూనె రాసినట్టు మెరిసే నల్ల గింజలు మిగిలాయి. తోటకూర కుటుంబం ఇది. బతుకమ్మలో దీని పక్కనే పేర్చే పట్టుకుచ్చు పువ్వు దీనికి దగ్గరి చుట్టమే.

అంతలో చేను గల పెద్దమ్మ వచ్చింది. కొన్ని కోసుకుంటామని అడిగాం. పత్తిలో ఒక్క గునుగూ లేదేం పెద్దమ్మా అన్నాను. “మాకేం పగనా బిడ్డా దాని మీద? కలుపు తీసెటోళ్ళు దొరుకుత లేరు. మందు కొడితే చేను సాపయితది. గెట్టు మీద మాత్రం కొట్టనియ్య. పండుగకు నా బిడ్డలొస్తే ఏం పెట్టి పేరుస్తరు?” అంది. కొడవలితో తనే రెండు కట్టలు కోసి ఇచ్చింది. ఇచ్చి, మమ్మల్ని అలాగే పోనివ్వలేదు. “ఇత్తులు గీడనే దులిపి పోర్రి. గెట్టు మీదనే. చేన్ల పడనియ్యకుర్రి” అంది. కట్టలు తలకిందులు చేసి దులిపాం. పిల్ల తన కట్టను రెండుసార్లు దులిపింది.

ఈ వారం నేను చెప్పదలచుకున్నదంతా ఆ పెద్దమ్మ మాటలోనే ఉంది. గునుగు రైతుకు కలుపే. పంట తినాల్సిన బలాన్ని అది తింటుంది. దాన్ని చేనులో ఉంచమని నగరంలో కూర్చుని చెప్పే హక్కు నాకు లేదు. కూలి గిట్టక, మనిషి దొరక్క గడ్డిమందు డబ్బా పట్టుకున్న రైతును తప్పుపట్టలేను. అయితే చేనుకు కొట్టే మందు గెట్టుకు కూడా కొట్టాల్సిన పని లేదు. ఆ మూరెడు జాగాలో గునుగు, తంగేడు, తుమ్మి బతుకుతాయి. వాటిని నమ్ముకుని తుమ్మెదలు, తేనెటీగలు బతుకుతాయి. కంది పూతకు వచ్చే వేళకు అవే చేనులోకి వస్తాయి. లేత గునుగు ఆకు కూర వండుకునే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. గెట్టు వదిలిపెట్టడం దానం కాదు, ఇంటి అవసరమే.

బతుకమ్మను పేర్చేటప్పుడు మనం చేసే పని ఎంత గొప్పదో ఆ గెట్టు మీద నాకు మళ్ళీ తెలిసింది. గుడిలో దేవుడికి మల్లెలు, చామంతులు పెడతాం. వాటిని నీళ్ళు పోసి పెంచుతాం. బంతి మెక్సికో నుంచి వచ్చి మన పెరట్లో కుదురుకుంది, దానికీ విత్తనం కొంటాం. గునుగుకు ఎవరూ నీళ్ళు పెట్టరు. ఎవరూ నాటని, కొందరు పీకి పారేసే ఆ మొక్కను తెచ్చి తాంబాళంలో పేర్చి, పసుపు గౌరమ్మను పెట్టి, చుట్టూ తిరిగి ఆడే పండుగ మనది. ఆ మొక్క బజారులో రంగుల కట్టగా తప్ప కనబడని రోజు వస్తే, పండుగ మిగిలినా దాని మాట మిగలదు.

వచ్చే వారమే ఎంగిలిపూలు, బతుకమ్మ మొదటి రోజు. అమ్మే చేతులకూ పండుగే కాబట్టి మార్కెట్‌లో కొనడం తప్పనను. కొనేటప్పుడు రంగు వేయని కట్ట అడగండి. వీలైతే పిల్లలను ఒక్క రోజు ఏదో ఒక గుట్టకు, చెలకకు తీసుకెళ్ళండి. అడవిలో పూలు తుంచకండి, చూసి రండి. చెలకలో అయితే అడిగి కోసుకోండి. వేళ్ళతో పీకకుండా కొడవలి పెట్టండి, గింజలు గెట్టు మీదే దులిపి రండి. బడి ప్రహరీ పక్కన, చెరువు కట్ట మీద, కాలనీ ఖాళీ జాగాలో ఒక మూల గునుగుకు వదిలిపెట్టమని సర్పంచులను, హెడ్మాస్టర్లను, కాలనీ సంఘాలను అడుగుతున్నాను. ఖర్చు లేని పని ఇది. అక్కడ మందు కొట్టకుండా ఉంటే చాలు.

సాయంత్రం రైల్లో కూర్చున్నాక పిల్ల గొడుగు విప్పితే, మడతల్లోంచి నాలుగైదు నల్ల గింజలు ఒడిలో పడ్డాయి. వాటిని కాగితంలో పొట్లం కట్టింది. మొలకెత్తాలంటే మిరుగు వానల దాకా ఆగాలని చెప్పాం. తలూపి, పొట్లం మీద ‘తెలుపు, కొసన గులాబి’ అని రాసుకుంది.