రంగు ఎవరిది, రఖమ్ ఎవరిది?

పోయిన ఆదివారం మగ్రిబ్ నమాజ్ అయినాక మొజంజాహీ మార్కెట్లో ఐస్‌క్రీం తింటున్నాం. నేను, మా ఆపా, దుల్హాభాయ్, వాళ్ళ బిడ్డ. సీతాఫలం ఐస్‌క్రీం రోజులు, కూర్చోవడానికి కుర్చీ దొరకడమే కష్టం. సగం తిన్నాక దుల్హాభాయ్ షర్టు జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి నా ముందు పరిచాడు. కారు కొటేషన్. అందులో సాలిడ్ వైట్ అన్న మాట కొట్టేసి, పెన్నుతో పెర్ల్ వైట్ అని రాసి ఉంది. పక్కన ఒక అంకె. 15,000 అదనం.

"మియా, నువ్వు అఖ్బార్ల పనిచేస్తవ్, నాలుగు జాగలు తిరుగుతవ్. ఉత్త రంగుకు పదిహేను వేలు ఎక్కువ పెట్టాల్నా, వద్దా? నువ్వే చెప్పు."

కారు ఆయన తిరగడానికి కాదు. ఆబిడ్స్‌లో ఒక బట్టల దుకాణంలో లెక్కలు రాసే మనిషి ఆయన. తన్ఖా 24,000. ఇరవై ఏళ్ళుగా ఒకే స్కూటరు. ఈ కారు కాబోయే అల్లుడికి. డిసెంబర్‌లో నికా. షాద్‌నగర్ దగ్గర కొన్న 150 గజాల ప్లాటు అమ్మి కొంత, ఫైనాన్సులో కొంత తీసుకుని కొంటున్నాడు. కొటేషన్ చూసి లడ్కేవాలే ఫోన్ చేశారట. "సాదా వైటైతే ట్యాక్సీ లెక్క ఉంటది భాయ్ సాబ్. పెర్ల్ తీస్కోండి. మాది డిమాండ్ ఏం లేదు, జర అచ్ఛా దిఖ్నా, బస్."

ఆ రాత్రి నేను చెప్పిన జవాబు ఇక్కడ పూర్తిగా రాస్తున్నా. ఎందుకంటే ఇలాంటి కాగితం ఈ షాదీల సీజన్లో మన బిరాదరీలో ఇంకా చాలామంది అబ్బాల జేబుల్లో ఉంది.

ముందు రంగు సంగతే మాట్లాడుకుందాం. నాంపల్లి వైపు నాకు తెలిసిన డెంటింగ్-పెయింటింగ్ ఉస్తాద్ ఒకాయన ఉన్నాడు. ఆయన దగ్గర కూర్చుని ఒకసారి విన్నదే చెప్తున్నా. కారు బాడీకి ఫ్యాక్టరీలో మొదట పడేది తుప్పు పట్టకుండా కాపాడే పూత. రేకును ఆ మందులో ముంచి, కరెంటు పెట్టి పట్టిస్తారు. దాని మీద ప్రైమర్, దాని మీద మన కంటికి కనబడే రంగు, అన్నిటికీ పైన మెరుపు కోసం క్లియర్ కోట్. మెటాలిక్ రంగులో అల్యూమినియం పొట్టు కలుపుతారు. పెర్ల్‌లో అభ్రకం పొడి కలుపుతారు. కొన్ని పెర్ల్ వైట్‌లకు ఒక పూత ఎక్కువ వేయాలి. తేడా అంతే. తుప్పును ఆపే కింది పూత సాదా వైట్‌కైనా, పెర్ల్ వైట్‌కైనా ఒకటే. అంటే ఈ 15,000తో బండి ఆయుష్షు ఒక్క రోజు కూడా పెరగదు. పైగా రేపు అఫ్జల్‌గంజ్ ట్రాఫిక్కులో ఒక ఆటో గీరిందనుకోండి, సాదా తెలుపైతే ఒక్క డోరుకు రంగు వేస్తే సరిపోతుంది. పెర్ల్ అయితే షేడు కలవదు, పక్క డోరు దాకా రంగు సాగదీయాలి. ఆ ఖర్చు వేరు.

ఇక లెక్క. రంగు డబ్బు ఎక్స్‌షోరూం ధరలో కలుస్తుంది. లైఫ్ టాక్స్ ఆ ధర మీద శాతంగా పడుతుంది. ఇన్సూరెన్స్ కూడా బండి ధరను చూసే కడతారు. అంటే రంగు మీద పన్ను, రంగు మీద ప్రీమియం. ఫైనాన్సులో పెడితే రంగు మీద సూద్. నూటికి పది వడ్డీ, ఐదేళ్ళ కిస్తులు అనుకుంటే ఆ 15,000 కాస్తా 19,000 దాటుతుంది. సూద్ హరామ్ అని జుమ్మా ఖుత్బాలో తల ఊపే మనం, అల్లుడి బండి మెరుపు మీద ఐదేళ్ళు సూద్ కడతాం.

ఇంతవరకు చదివి, "ఈ మనిషి రంగులంటే పడని జాహిద్‌లా ఉన్నాడు" అనుకోకండి. రెండేళ్ళ కింద మా ఆవిడ స్కూటీ కొనుక్కుంది. మామూలు రంగులు వద్దంది. నీలంలో ఒక మెరుపు రంగు చూపించింది, 2,000 ఎక్కువ. ఆమె టీచర్ ఉద్యోగం డబ్బులు, ఆమె బండి. సంతోషంగా తీసుకున్నాం. ఇప్పటికీ రోజూ పొద్దున గుడ్డతో తుడుచుకుంటుంది. అది ఇస్రాఫ్ అని ఏ మౌలానా వచ్చి చెప్పినా నేను ఒప్పుకోను. లాడ్‌బజార్ గాజులు, ఖడా దుపట్టాల జరీ చూసి పెరిగినవాళ్ళం, మనకు రంగుతో దుష్మనీ ఏముంటుంది? చౌమహల్లా ప్యాలెస్‌కు పోతే నిజాముల రోల్స్ రాయిస్ కనబడుతుంది. 1912 నాటిది. పసుపు రంగు, ఆసఫ్‌జాహీ జెండా రంగే. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చాడు, బండి వచ్చేసరికి ఆయన లేడు. ఆ షాహీ షోకు మీద ఎన్ని మాటలైనా అనొచ్చు. కానీ ఆ పసుపు రంగు కోసం ఆయన మామగారి జేబులో చెయ్యి పెట్టలేదు.

నా మాట ఇదొక్కటే. రంగుకు ఎక్కువ పెట్టొచ్చా అనే సవాల్‌కు జవాబు రంగులో దొరకదు. ఎంచుకునేది ఎవరు, కట్టేది ఎవరు అని చూడాలి. ఎంచుకున్నవాడే కడితే అది షోకు. ఒకడు ఎంచుకుని ఇంకొకడి చేత కట్టిస్తే అది జహేజ్. దానికి పెర్ల్ పూత పూసినా, మెటాలిక్ పూసినా పేరు మారదు.

దీనికి నేను విన్న జవాబులు ఉన్నాయి. ఒక్కొక్కటే చూద్దాం.

"వాళ్ళు బండి అడగలేదు, మేమే ఖుషీగా ఇస్తున్నాం." ఖుషీతో ఇచ్చే తోహఫాకు తీసుకునేవాడు రంగు చెప్పడు. ఈద్‌కు మీరు అత్తరు సీసా ఇస్తే, "ఇది కాదు, ఊద్ తెండి, తేడా మీరే కట్టండి" అన్నవాణ్ణి మళ్ళీ ఇంటికి పిలుస్తారా?

"బీబీ ఫాతిమాకు కూడా జహేజ్ ఇచ్చారు కదా." ఈ మాట ప్రతి షాదీలో ఎవరో ఒక బుజుర్గ్ అంటారు. హజ్రత్ అలీ తన జిరా అమ్మి మెహర్ కట్టారని, ఇంటి సామాను ఆ డబ్బులోంచే వచ్చిందని ఉలమా చెప్తారు. అంటే దుల్హా తన యుద్ధ కవచం అమ్ముకున్నాడు. మన దగ్గర దుల్హన్ అబ్బా ప్లాటు అమ్ముకుంటున్నాడు. ఏది సున్నత్? సూరె నిసా నాలుగో ఆయత్ తీసి చూడండి. ఆడవాళ్ళ మెహర్ మనస్ఫూర్తిగా వాళ్ళకు ఇచ్చెయ్యమన్న హుకుం మగవాళ్ళకే ఉంది.

"లేన్‌దేన్ అనేది అందరిలో ఉంది, చట్టం ఎవరు చూస్తారు?" 1961 వరకట్న నిషేధ చట్టం మనకూ వర్తిస్తుంది. షరియత్ వర్తించేవాళ్ళ మెహర్‌ను మాత్రం అది కట్నం కింద లెక్కపెట్టదు. అంటే పార్లమెంటుకు మెహర్‌కు, జహేజ్‌కు తేడా తెలుసు, మనకే తెలియలేదు. ఇచ్చినా, పుచ్చుకున్నా శిక్ష ఐదేళ్ళకు తగ్గదు. జుర్మానా 15,000కు తగ్గదు, కట్నం విలువ అంతకన్నా ఎక్కువైతే ఆ విలువంత. అడిగినదానికి వేరే శిక్ష ఉంది. అడగకుండా, రివాజు ప్రకారం ఇచ్చే కానుకలకు మినహాయింపు ఉంది, నిజమే. కానీ అవి లిస్టులో రాయాలి, ఇచ్చేవాళ్ళ తాహతుకు మించకూడదు. నెలకు 24,000 తెచ్చుకునే మనిషికి కారు ఏ తాహతు?

"పదిహేను వేల కోసం రిష్తా తెంపుకుంటామా?" ఆపా అడిగింది ఇదే. ఆమె గొంతులో భయం ఉంది, ఆ భయాన్ని నేను తక్కువ చేయను. మంగ్నీ అయినాక తెగితే మొహల్లా నోరు ఆడపిల్ల మీదే లేస్తుంది. కానీ ఆపా, ఈ పదిహేను వేలు మొదటివి కావు. మొదట జోడేకీ రఖమ్ మాట వచ్చింది, సర్దుకున్నారు. తర్వాత బైకు కాస్తా కారైంది, ప్లాటు పోయింది. ఇప్పుడు రంగు. షాదీ కాకముందే ఇన్నిసార్లు తలొగ్గితే, షాదీ అయినాక ఏసీ కోసం, బావమరిది దుకాణం కోసం ఎన్నిసార్లు ఒగ్గాలి? ఒకచోట నిలబడక తప్పదు. రంగు దగ్గర నిలబడటమే తేలిక, అక్కడ డబ్బు చిన్నది.

ఇదంతా మేం మాట్లాడుకుంటుంటే నా మేనకోడలు కప్పులో కరిగిన ఐస్‌క్రీం చెంచాతో తిప్పుతూ కూర్చుంది. బీకాం చదివింది, పిల్లలకు ట్యూషన్లు చెప్తుంది.

"నీకే రంగు ఇష్టం బేటా?" అని అడిగాను.

"నన్నెవ్వరూ అడగలేదు మామూ" అంది. కాస్త ఆగి, "ఆర్సీ ఎవరి పేరు మీద?" అంది.

దుల్హాభాయ్ మాట్లాడలేదు. బుకింగు అల్లుడి పేరు మీదే ఉంది. చట్టం ప్రకారం పెళ్ళికి ముందు వేరేవాళ్ళు తీసుకున్న కట్నం ఏదైనా పెళ్ళయిన మూడు నెలల్లో ఆడపిల్లకు అప్పగించాలి. ఆర్సీలో రంగుకు ఒక గడి ఉంటుంది, ఓనరుకు ఒక గడి ఉంటుంది. మా పెద్దోళ్ళం అరగంట నుంచి రంగు గడి గురించే కొట్లాడుతున్నాం. ఆ పిల్ల ఒక్క మాటతో రెండో గడి చూపించింది.

మంగళవారం దుల్హాభాయ్ ఫోన్ చేశాడు. సమ్ధీతో మాట్లాడాడట. "సాదా వైటే తీస్తా, బిడ్డ పేరు మీదే తీస్తా. ఎక్కువ రంగు కావాల్నంటే మీ అబ్బాయి తన్ఖాతో వేయించుకోవచ్చు" అన్నాడట. అవతల చాలాసేపు చప్పుడు లేదట. "ఇంట్లో మాట్లాడి చెప్తాం" అన్నారట. ఇది రాసేసరికి వాళ్ళ జవాబు రాలేదు. ఆపా నిద్రపోవట్లేదు. నా మాట సగమే నెగ్గింది, కారు ఇంకా అలాగే ఉంది. అయినా ఇరవై ఏళ్ళలో దుల్హాభాయ్ ఒకరికి "లేదు" అనడం నేను మొదటిసారి విన్నా.

ఆడపిల్లల అబ్బాలకు నేను నసీహత్ చెప్పను, వాళ్ళ మెడ మీద ఇప్పటికే చాలా బరువు ఉంది. ఈ మాట మగపిల్లల అమ్మీ-అబ్బాలకు. షోరూంలో మీ అబ్బాయి ఒక రంగు మీద వేలు పెట్టినప్పుడు ఒక్కటే అడగండి, "బేటా, పైసలు నీ దగ్గర ఉన్నాయా?" ఉంటే, ముబారక్, మెరిసేది తీసుకోండి. లేకపోతే బస్సు పాస్ తీసివ్వండి, షర్మ్ ఏం లేదు.

నాకూ ఒక కొడుకు ఉన్నాడు, పదిహేడేళ్ళు. రేపు వాడి రిష్తా మాటల్లో నా నోటి నుంచి బండి అన్న మాట వచ్చినా, రంగు అన్న మాట వచ్చినా, ఈ రాత తెచ్చి నా ముందు పెట్టండి. ఇప్పుడే దాచిపెట్టుకోండి.