పల్చటి గొట్టం పనిని మన పిల్లలకు నేర్పాలి

పల్నాడు జిల్లా అచ్చంపేట లాంటి మండల కేంద్రంలో వెల్డింగ్ షాపుకు పని కొదవ ఉండదు. ట్రాక్టర్ ట్రక్కు డోరు, గొర్రు, ఇంటి గేటు, కిటికీ గ్రిల్లు ఏది తెచ్చినా అతుకుతారు. అవన్నీ మందపాటి ఇనుము. బైకు సైలెన్సర్ గొట్టం దగ్గరికి వచ్చేసరికి మాత్రం చాలామంది చెయ్యి వెనక్కి తీస్తారు. దాని మందం మిల్లీమీటరు, మహా అయితే ఒకటిన్నర. గేటుకు పెట్టిన కరెంటే దీనికీ పెట్టి రాడ్డు ఆనిస్తే క్షణంలో చిల్లు పడుతుంది. పూడ్చబోతే అది ఇంకా పెద్దదవుతుంది.

ఈ పనికి 40, 50 ఆంపియర్లు చాలు. ఆర్గాన్ గ్యాసుతో చేసే టిగ్ వెల్డింగ్ దీనికి బాగా నప్పుతుంది. అయితే మిషన్ కన్నా ముందు పని ఆకురాయితో మొదలవుతుంది. రెండు గొట్టాల అంచులూ ఎక్కడా వెలుతురు కనిపించనంతగా కలిసేదాకా రాయాలి. తుప్పు, నూనె, రంగు పూర్తిగా పోవాలి. తర్వాత ఎదురెదురుగా నాలుగు టాకులు (చుక్క అతుకులు) వేసి, అర అంగుళం చొప్పున ఒకసారి ఇటు, ఒకసారి అటు కుట్టుకుంటూ రావాలి. ఒకే చోట నిలిస్తే వేడికి గొట్టం వంకర తిరుగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలైతే గొట్టం లోపల కూడా ఆర్గాన్ నింపాలి. లేకపోతే బయట అతుకు మెరుస్తున్నా లోపల మాడి గరుకుగా పెచ్చు కడుతుంది. జింకు పూత ఉన్న నీళ్ల పైపును దీనికి వాడనే కూడదు, ఆ పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది.

ఇంత నేర్పున్న పని మన ఊళ్లలో పరువు పోగొట్టుకున్నది మోత సైలెన్సర్ల వల్లే. లోపలి జాలీ కోసేసి, బండి చెవులు చిల్లులు పడేలా అరిస్తే బలం పెరిగిందనుకునే కుర్రాళ్లున్నారు. మోతకూ బలానికీ సంబంధం లేదు. తూర్పు జర్మనీలోని ఎమ్‌జెడ్ బైకుల కంపెనీలో వాల్టర్ కాడెన్ అనే ఇంజనీరు 1950లలో టూ స్ట్రోక్ ఇంజన్ గొట్టం ఆకారం మీదే కుస్తీ పట్టాడు. గొట్టాన్ని మధ్యలో ఉబ్బించి, చివర సన్నగా చేస్తే, లోపలి పీడన తరంగం వెనక్కి తిరిగొచ్చి, బయటికి పోబోయే పెట్రోలు ఆవిరిని మళ్లీ సిలిండర్లోకి నెడుతుంది. 1961 నాటికి ఆయన 125 సీసీ ఇంజన్ 25 హార్స్‌పవర్ ఇచ్చింది. అదే ఏడాది ఆయన రైడర్ ఎర్న్‌స్ట్ డెగ్నర్ ఆ రహస్యంతో సుజుకీకి వెళ్లిపోయాడు. మరుసటి ఏడాదే సుజుకీ 50 సీసీ ప్రపంచ టైటిల్ గెలిచింది. మనవాళ్లు ఇప్పటికీ ప్రాణంగా చూసుకునే ఆర్‌ఎక్స్ 100 బైకు గొట్టం లోపల పనిచేసేదీ ఈ సూత్రమే. ఆ గొట్టాన్ని ఇష్టమొచ్చినట్టు కోస్తే బలం తగ్గుతుందే తప్ప పెరగదు.

చట్టం సంగతి కూడా స్పష్టంగానే ఉంది. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చడం 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధం. శబ్దం హద్దు దాటితే 2019 సవరణ ప్రకారం మూడు నెలల దాకా జైలు, పది వేల దాకా జరిమానా పడవచ్చు. విశాఖపట్నంలో పోలీసులు మోత సైలెన్సర్లను యంత్రాలతో తొక్కించారు. ఆసుపత్రి ముందు, బడి ముందు ఆ మోత భరించినవాళ్లెవరూ పోలీసుల పనిని తప్పుపట్టరు.

అయితే తొక్కించడంతో సగం పనే అవుతుంది. గొట్టం కోసి అతకాలన్న కుతూహలం ఉన్న కుర్రాడికి అసలు పని చూపించాలి. తుప్పు పట్టి చిల్లుపడిన సైలెన్సర్, మిర్చి తోటలో తిరిగే పవర్ స్ప్రేయర్, స్టీలు రెయిలింగ్ అన్నిటికీ ఈ చెయ్యే కావాలి. ఎనిమిదో తరగతి పాసైతే ఐటీఐలో వెల్డర్ కోర్సులో చేరవచ్చు, ఏడాదిలో పూర్తవుతుంది, టిగ్ కూడా అందులో పాఠమే. పల్నాడు జిల్లా అధికారులు ఆ పాఠాన్ని మండల కేంద్రాలకు తేవాలి. ఒక టిగ్ మిషన్, ఒక ఆర్గాన్ సిలిండర్, ఓపికున్న ఒక మేస్త్రీతో అచ్చంపేటలోనే వేసవి శిక్షణ మొదలుపెట్టాలి.