కథలలోని విస్తరి

కథ చదువునపుడు నాయకుని పలుకులను, నాయిక కన్నీళ్ళను జ్ఞప్తియందుంచుకొందుము గాని, వారేమి భుజించిరో అంతగా గమనింపము. ఒక జాతి యెట్లు జీవించినదో తెలిసికొనవలెనన్న వంటయింటివంక చూడక తప్పదు. కావున ఈ మాసము కథలలోని విస్తరిని గూర్చి ముచ్చటింపదలచితిమి.

1509 మొదలు 1529 వఱకు విజయనగరము నేలిన శ్రీకృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’యందు విష్ణుచిత్తుని యాతిథ్యమును వర్ణించెను. కథ జరిగినది తమిళదేశమందలి శ్రీవిల్లిపుత్తూరున. అయినను ఆ విస్తరిని తెలుగు గృహిణి యిట్టె గుర్తింపగలదు. వానకాలమున పప్పు, తాలింపు కూరలు, వరుగులు, వడియములు, పెరుగు. చలికాలమున మిరియపుపొడి వేసిన వేడి కూరలు, ముక్కున కెక్కు ఆవపచ్చళ్ళు, చేయి చుఱుక్కుమను నేయి. వేసవిని పలుచని అంబలి, చెఱకురసము, లేత కొబ్బరినీరు, నీరుచల్ల. ఏ ఋతువున నేది చలువచేయునో, ఏది వేడిచేయునో యెఱిగిన వంట అది. నడిరేయి సైతము ఆ యింట, కూరలు చాలవు, వేడి తగ్గినది, అన్నము బాగుగ లేదు, దయయుంచి భుజింపుడను వినయోక్తులు వినవచ్చుచుండెనట! అట్టి మాటలు నేటికిని మన లోగిళ్ళలో వినబడుచునే యున్నవి.

అయితే తిండి పరిహాసమునకును గుఱి యగుచుండును. శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన చాటువులలో పలనాటి సజ్జకూడు, జొన్నకూడు పాములతోడను తేళ్ళతోడను జతగా లెక్కింపబడినవి. వరియన్నమున కలవాటుపడిన కవికి నవ్వు వచ్చియుండవచ్చును. ఆ జొన్నలనే దంచి వండి బిడ్డలను పెంచిన తల్లి మాట యేమి? ఆమెను ఆ పద్యము తలపెట్టలేదు. ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును చిరుధాన్య సంవత్సరముగా జరిపినది. నాడు నవ్వులపాలైన ధాన్యమే నేడు పట్టణములలో మన్నన పొందుచున్నది.

ఇటీవలి కథలలో శ్రీరమణగారి ‘మిథునం’ మన మందఱము చదువదగినది. దానిని 2012లో తనికెళ్ళ భరణిగారు చలనచిత్రముగా తీసిరి. బిడ్డలు దూరమున నుండగా, అప్పదాసు, బుచ్చిలక్ష్మి అను వృద్ధ దంపతులు వండుకొనుచు, రుచులకై కలహించుకొనుచు కాలము గడుపుదురు. భర్తయే ముందుగా కన్నుమూయగా, తాను కోరినది నదియే యని ఆమె చెప్పును. తాను లేనిచో ఆయన ఆకలిని, జిహ్వచాపల్యమును కనిపెట్టి వడ్డించు వారెవరు? పసుపు కుంకుమలతో పోవలెనని స్త్రీలు కోరుకొను సంసారములలో, ఈ కోరిక యెంత ప్రేమగలదో, యెంత కఠినమైనదో యోచింపుడు!

ఆ ప్రేమకు మేమును కన్నీరు పెట్టితిమి. కాని మఱియొక తలపును కలిగినది. ఇంటి రుచులన్నియు నొక్క యిల్లాలి చేతిలోనే యుండినచో, ఆమెతోనే యవి యంతరించును. ఆమె లేనినాడు పురుషుడు పసిబిడ్డవలె నిస్సహాయుడగును. కావున మీ అత్తగారు, అమ్మమ్మ చేయు వంటకములను వారి నోటిమాటలలోనే, వారి చేతి కొలతలతోనే వ్రాసి యుంచుడు. జొన్నసంకటి యైనను, వడియములైనను చిన్నతనమని విడువకుడు. ఆ పుస్తకమును కూతురి చేతికి మాత్రమేగాక, కుమారుని చేతికిని ఇండు.