జట్టుకు ప్రాణం జంకులేని మాట

ఘనపూర్‌కు దాపుననే భూపాలపల్లి బొగ్గుగనులు ఉన్నాయి. భూగర్భ గనిలో పైకప్పును తట్టి, ఆ చప్పుడును బట్టి దాని బలాబలాలను తెలుసుకొనుట పాతకాలం నుండి వస్తున్న పద్ధతి. ఆ చప్పుడులోని తేడాను మొదట పసిగట్టేవాడు ఇంజనీరే కానక్కరలేదు, నిన్న చేరిన కార్మికుడైనా కావచ్చు. అతడు వెంటనే నోరు విప్పుతాడా, లేక మందలింపుకు వెరచి మిన్నకుంటాడా? పదిమంది ప్రాణాలు ఆ ఒక్క క్షణంపై ఆధారపడి ఉంటాయి. జట్టు సామర్థ్యమంటే కండబలము, యంత్రబలము మాత్రమే కాదని మేము విన్నవించుట ఇందుకే.

బ్రిటన్ బొగ్గుగనులను పరిశీలించిన ఎరిక్ ట్రిస్ట్, కెన్ బామ్‌ఫోర్త్ 1951లో ప్రకటించిన వ్యాసం ఇక్కడ స్మరణీయం. వీరిలో బామ్‌ఫోర్త్ స్వయంగా గనిలో పనిచేసినవాడు. పూర్వం చిన్న జట్లు తమ సహచరులను తామే ఎంచుకొని, పని మొత్తానికి తామే బాధ్యత వహించేవి. యంత్రాలు వచ్చిన పిమ్మట నలభై, యాభై మందిని మూడు షిఫ్టులుగా విడదీసి, తలకొక తునక పని అప్పగించారు. యంత్రశక్తి పెరిగింది గాని ఆశించిన ఉత్పత్తి రాలేదు. గైర్హాజరీ, ఒకరిపై ఒకరు నెపం మోపుట మాత్రం మిగిలాయి.

మరి జట్టులో నమ్మకాన్ని నిలిపేది ఎవరు? నాయకుడే. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుండి ప్రయోగించిన ఎస్.ఎల్.వి.-3 సముద్రం పాలైంది. ఆ పథకానికి సారథి అబ్దుల్ కలాం. అయినను ఇస్రో అధ్యక్షుడు సతీష్ ధావన్ పత్రికలవారి ముందుకు తానే వచ్చి, బాధ్యతను తనపై వేసుకున్నారు. 1980 జూలై 18న విజయం లభించినప్పుడు మాట్లాడుమని కలాంను ముందుకు పంపారు. అపజయంలో ముందు నిలిచి, విజయంలో వెనుక నిలిచే పెద్ద ఉన్నచోట ఎవరూ తప్పును దాచరు.

సలహా వినుట నాయకునికి చిన్నతనమని కొందరి భావన. క్రీ.శ. 627లో మదీనాపై శత్రుసేనలు కదలి వచ్చినప్పుడు కందకం త్రవ్వుదామని సూచించినవారు పరదేశీయుడు, ఒకప్పటి బానిస అయిన సల్మాన్ ఫార్సీ. దైవప్రవక్త (స) ఆ సూచనను స్వీకరించుటే గాక స్వయంగా మట్టి మోశారు. మష్వరాకు ఇంతకన్న గొప్ప నిదర్శనం ఏమి కావలెను?

అందరినీ మాట్లాడనిస్తే క్రమశిక్షణ సడలుతుందను శంక సహజమే. కాని నిర్ణయం నాయకునిదే. వినుట నిర్ణయానికి ముందరి మెట్టు, శ్రమించుట దాని తరువాతి మెట్టు. ఈ వరుస తప్పనంతవరకు క్రమశిక్షణకు లోటు రాదు.

ఉర్దూ, తెలుగు రెండు భాషలకు నీడనిచ్చే మన కళాశాల వంటి సంస్థకు ఇది మరింత వర్తిస్తుంది. సమావేశంలో ఎవరూ ఎదురు చెప్పకపోవుట సమ్మతి కాదు, ఒక్కొక్కసారి అది భయమే కావచ్చు. కనుక కమిటీ పెద్దలకు మా మనవి రెండు మాటలు: సభలో అందరికన్న చిన్నవారిని మొదట మాట్లాడనివ్వండి, పెద్దల అభిప్రాయం చివర వెలువడనివ్వండి. తప్పును తానై చెప్పుకొన్నవానిని ముందు మెచ్చుకొని, పిదప సరిదిద్దండి. విద్యార్థులారా! రేపు మీరు గనిలోనో, కార్యాలయంలోనో, బడిలోనో పదిమందికి పెద్దలవుతారు. ఆనాడు మీ ఎదుట మీ జట్టు మౌనంగా కూర్చుంటే, లోపం వారిలో వెదకకముందు మీలో వెదకుకొనండి.