పేరు మారందే తాళం ఇవ్వొద్దు

డ్రిఫ్ట్‌కో, ట్రాక్‌కో మార్పించిన కారును అమ్మేవాళ్లు మొదట విప్పేది ఖర్చు చిట్టా. టర్బోకు ఇంతయింది, సస్పెన్షన్‌కు ఇంతయింది, పెట్టినదాంట్లో సగానికే ఇస్తున్నానంటారు. కొనేవాడికి ఆ చిట్టాతో పనిలేదు. ఏమేం మార్చారు, ఎక్కడ గుద్దుకుంది, కాగితాలు ఎవరి పేరున ఉన్నాయి అన్నది తెలియాలి. ఇవి అడక్కముందే చెప్పాల్సిన పూచీ అమ్మేవాడిదేనని నా వాదన.

గద్వాల వైపు మా నడిగడ్డలో బండలాగుడు ఎద్దుల బేరం చూసినవాళ్లకు ఇది వింతగా ఉండదు. కొనేవాడు నోరు తెరిపించి పళ్లు చూస్తాడు, సుడులు చూస్తాడు, కాడి కట్టించి నడిపిస్తాడు. పొడిచే ఎద్దయితే ఆ మాట అమ్మేవాడే చెప్పాలి. దాచిపెట్టి అమ్మితే రేపు పెద్దమనుషుల ముందు నిలబడాల్సి వస్తుంది.

కారుకు పళ్లు, సుడులు ఉండవు కాబట్టి కిందికి వంగి చూడాలి. వెనక చక్రాల పట్టు తప్పించి కారును పక్కకు జార్చడం, ఆ జారుడును స్టీరింగ్‌తో అదుపులో పెట్టడం డ్రిఫ్ట్. రెండు వెనక చక్రాలూ ఒకే వేగంతో తిరగాలని కొందరు తక్కువ ఖర్చులో డిఫరెన్షియల్‌ను వెల్డింగ్ చేయించేస్తారు. ట్రాక్ మీద అది బాగానే ఉంటుంది. అదే కారును సందులో మలుపు తిప్పితే లోపలి చక్రం తిరగాల్సినదానికంటే ఎక్కువ తిరిగి, టైరు కిర్రుమంటూ రోడ్డును గీరుతుంది. బోల్తా పడితే కాపాడాలని బిగించిన ఇనుప పైపుల రోల్ కేజ్ సంగతీ అంతే. ట్రాక్ మీద తలకు హెల్మెట్ ఉంటుంది. ఊళ్లో ఉత్త తలతో కూర్చుంటే, చిన్న ప్రమాదానికే ఆ పైపు తలకు తగలొచ్చు. అక్కడ ప్రాణం నిలిపేదే ఇక్కడ ప్రాణం తీయొచ్చు. ఇంటికి ఒకే కారని కొనేవాడికి ఈ సంగతి చెప్పకపోవడం మోసమే.

ఇక చట్టం. కంపెనీ ఇచ్చిన స్వరూపానికి విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. అదే ఏడాది సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, అనుమతి లేకుండా మారిస్తే యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా రెండూ పడొచ్చు. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. అమ్మేసిన కారు చేతులు మారి మారి ప్రమాదం చేసినా, రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేరుంటే పరిహారం కట్టాల్సింది వాళ్లేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. పేరు మార్పుకు వాడే 29, 30 ఫారాల మీద ఉత్త సంతకాలు పెట్టి తాళం చేతిలో పెట్టే అలవాటు మనవాళ్లకు ఉండనే ఉంది. మామూలు కారుకే అది ముప్పు. వేగం కోసమే తయారైన కారుకయితే చెప్పనక్కర్లేదు.

ఇలాంటి కారు కొన్న కుర్రాడు దాన్ని ఎక్కడ నడుపుతాడు? 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్ల పోటీ జరిగినప్పుడు రోడ్లు మూసి, గోడలు కట్టి నడిపారు. కార్ల పోటీల పక్కా ట్రాకులున్నది చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై, కోయంబత్తూరు లాంటి చోట్ల. మా నడిగడ్డలోని మల్దకల్ కుర్రాడికి దగ్గర్లో ఉన్నది గద్వాల రోడ్డు, ఎర్రవల్లి దగ్గరి 44వ నంబరు జాతీయ రహదారి. పత్తి ట్రాక్టర్లు, గొర్రెల మందలు, బడి పిల్లలు తిరిగే దారులవి.

అందుకని నాకు కనిపించే తోవలు రెండే. రోడ్డు మీద తిరగాల్సిన కారయితే మార్చినవన్నీ విప్పి, అసలు భాగాలు బిగించి, పేరు మార్పించి అమ్మాలి. విప్పిన సామాను విడిగా అమ్ముకుంటే నష్టం కొంత పూడుతుంది కూడా. ట్రాక్‌కే పనికొచ్చేదయితే రవాణా అధికారుల్ని కలిసి రిజిస్ట్రేషన్ రద్దు చేయించి, పోటీల లైసెన్సు ఉన్నవాడికే అమ్మి, లారీ ఎక్కించి పంపాలి. “పేరు మార్పు సంగతి తర్వాత చూసుకుందాం అన్నా” అన్నవాడు ఎంత ఎక్కువిస్తానన్నా ఆ బేరం వదులుకోండి. అతను చేయబోయే ప్రమాదానికి ముందే మీ పేరు రాసి పెట్టమంటున్నాడు.

– నడిగడ్డవాసి