యూరియా బస్తాకు ఉన్న సబ్సిడీ కైకిలికి ఎందుకు లేదు?

పై వీడియోలో మా వరి మడిలో కలుపు తీస్తున్న ఆడవాళ్లను చూశారు కదా. ఎకరానికి పదకొండు మంది పడ్డారు, మనిషికి 400 కైకిలి. రెండుసార్లు తీయిస్తే 8,800. పక్క పొలం ఆయన గడ్డిమందు కొట్టి వెయ్యి లోపు తేల్చేశాడు. "నీకేమైనా పిచ్చా?" అని నన్నే అడుగుతాడు.

మొన్న ఒక సమావేశంలో లేచి, కలుపు కూలికి ఏమైనా సబ్సిడీ ఉందా సార్ అని అడిగాను. అందరూ నవ్వారు. వీడర్ తీసుకో, దానికుంది అన్నాడు ఆ అధికారి. అప్పటినుంచి నా బుర్రలో అదే తిరుగుతోంది.

45 కిలోల యూరియా బస్తా మనకు 266.50కి వస్తుంది. అసలు ఖర్చు దానికి ఎన్నో రెట్లు. ఆ తేడా సొమ్ము మన చేతికి రాదు, షాపులో వేలిముద్ర పడ్డాక కంపెనీకి వెళుతుంది. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ఎరువుల సబ్సిడీకి దాదాపు 1.68 లక్షల కోట్లు పెట్టారు. ఉపాధి హామీకి 86 వేల కోట్లు. మన ప్రకృతి వ్యవసాయ జాతీయ మిషన్‌కు 2024లో ఒప్పుకున్నది మొత్తం కలిపి 2,481 కోట్లు. యంత్రాలకైతే 40 నుంచి 50 శాతం, డ్రోన్‌కైతే మహిళా సంఘాలకు 80 శాతం దాకా ఇస్తున్నారు.

సబ్సిడీ అంటేనే కూలిపని పోతుందని నేను అనను. ఉచిత కరెంటు వచ్చాక మా ఊళ్లో బోర్ల కింద యాసంగి నాట్లు పెరిగాయి, ఆడవాళ్లకు రెండో కారు పని దొరికింది. అది నా కళ్లతో చూశాను. అయితే బస్తా మీద, మిషన్ మీద ఇచ్చే సబ్సిడీ అలా కాదు. బస్తా చవకైతే పెంట తోలే పని పోయింది, పెంట చిమ్మే పని పోయింది. పశువులు పోయాయి, వాటితో కాపరి పోయాడు. హార్వెస్టర్ గంటలో ఎకరం కోస్తుంది. కొడవలితో కోసి, కట్టలు కట్టి, కుప్ప వేసి, నూర్చిన రోజుల్లో ఇరవై ముప్పై మందికి పని ఉండేది.

నిజం చెప్పాలి, నేనూ రెండేళ్లు హార్వెస్టర్ పెట్టాను. వాన ముంచుకొస్తుంటే ఆగలేం. కానీ గడ్డి నలిగిపోయి చేలోనే పడింది, ఆవుకు కొనుక్కొచ్చాను. ఆవు లేకపోతే జీవామృతం ఎక్కడిది?

"కూలోళ్లు దొరకడం లేదు" అని మనమంతా అంటాం. ఏడాదిలో నలభై రోజుల పని చూపించి, మిగతా రోజులు మిషన్‌తో నడిపిస్తే వాళ్లు ఊళ్లో ఎందుకుంటారు? పట్నంలో అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌గా పోతారు. రైతుబంధు 2018లో మొదలైంది, పట్టా ఉన్నోళ్లకే వచ్చింది, కౌలు రైతుకు రాలేదు. భూమిలేని కూలి కుటుంబాలకు 2025 జనవరిలో ఆత్మీయ భరోసా కింద ఏడాదికి 12 వేలు అన్నారు. మంచిదే. అయితే అది పని పెంచే డబ్బు కాదు.

నేను అడిగేది ఒక్కటే. మందు కొట్టని పొలంలో కలుపు, నాటు, ఆచ్ఛాదన పనులకు కైకిలిలో సగం నేరుగా కూలి ఖాతాలో వేయండి. దొంగ మస్టర్లు పడతాయంటారా? బస్తాలు పక్కదారి పట్టడం లేదా? బస్తాకు వేలిముద్ర తీసుకునే మిషన్ ఉంది, మనిషికి పెట్టలేరా?

ఆ రోజు కలుపు తీసి లేచిన పెద్దమ్మ ఒక మాట అడిగింది: "బిడ్డా, వచ్చే కారుకు నువ్వు కూడా మందు కొడతవా? చెప్తే మేం హైదరాబాద్ పోతం." నేను ఇంకా జవాబు చెప్పలేదు. మీ ఊళ్లో కలుపుకు ఎంత పడుతోందో, ఎంతమంది దొరుకుతున్నారో కింద రాయండి.