గడ్డికి ట్యాంకర్, గల్లీకి ఇంతెజార్

మే నెల. జొహర్ నమాజ్ అయి మస్జిద్ మెట్లు దిగుతున్నాను. రోడ్డు మధ్య డివైడర్ పక్కన ట్యాంకర్ ఆగి ఉంది. మాలీ ఒకాయన లావుపాటి పైపు పట్టుకుని గడ్డి తడుపుతున్నాడు. సగం నీళ్లు గడ్డి మీద, సగం తారు రోడ్డు మీద. తారు మీద పడిన నీళ్లు పొగలు కక్కి ఆరిపోతున్నాయి. అదే రోడ్డుకు ఇవతల, మా గల్లీ మలుపులో బిందెలు వరసగా ఉన్నాయి. మా మొహల్లాకు రోజు మార్చి రోజు నల్లా. ఆ రోజు అదీ రాలేదు. బిందె మీద కూర్చున్న ఒక ఖాలా నన్ను చూసి, "పేపర్లో రాస్తావు కదా బాబా, ఆ పైపు కాస్త ఇటు తిప్పమని చెప్పు, సవాబ్ వస్తుంది" అంది. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

మాలీ దగ్గరికి వెళ్లి, "భాయ్, మిట్టమధ్యాహ్నం ఎందుకు పోస్తున్నావు?" అని అడిగాను. "పొద్దున ఇంకో రోడ్డుకు పోతది సాబ్ ట్యాంకర్. ఇక్కడికి వచ్చేసరికి ఇదే టైం" అన్నాడు. గలతీ ఆయనది కాదు. ఆ రోడ్డు మధ్య గడ్డి పరచాలని కాగితం మీద గీసినవాళ్లది.

చిన్న హిసాబ్ వేద్దాం. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు నీళ్లు నిలిస్తే అది ఒక లీటరు. మన మే ఎండలకు గడ్డి పచ్చగా ఉండాలంటే రోజుకు ఐదారు మిల్లీమీటర్లు కావాలి. అంటే వెయ్యి చదరపు మీటర్ల గడ్డి రోజుకో ఐదువేల లీటర్ల ట్యాంకర్ తాగేస్తుంది. ఒకటిన్నర మీటరు వెడల్పున్న డివైడర్ ఏడు వందల మీటర్లు సాగితే చాలు, వెయ్యి చదరపు మీటర్లు దాటిపోతుంది. హైదరాబాద్‌లో ఏడాదికి కురిసేది 800 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి అక్టోబర్ లోపే. మిగతా నెలలు మనం తాగేది వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి కరెంటు ఖర్చుపెట్టి తోడి తెచ్చుకున్న కృష్ణా, గోదావరి నీళ్లు.

నేను అనంతపురం వైపు మనిషిని. మా నానాకు చీనీ తోట ఉండేది. ఉమ్మడి రాష్ట్రంలో 2003లో మైక్రో ఇరిగేషన్ ప్రాజెక్టు మొదలయ్యాక సబ్సిడీ మీద డ్రిప్ వేయించాడు. అంతకుముందు కాలువ పారిస్తే మోటారు దగ్గర బయలుదేరిన నీళ్లలో సగం కూడా చెట్టు వేరుకు చేరేవి కావు. డ్రిప్పులో పదింట తొమ్మిది వంతులు వేరు దగ్గరికే పోతాయి. ప్రతి జుమారాత్ ఫిల్టర్ విప్పి కడిగేవాడు, మాకు కడగడం నేర్పేవాడు. బడికి కూడా పోని ఒక రైతుకు అర్థమైన సంగతి ఇంతమంది ఇంజనీర్లున్న షహర్‌కు ఎందుకు అర్థం కాదు? రైతు బోరు ఎండితే రైతే ఏడవాలి. డివైడర్ ఎండితే ఇంకో ట్యాంకర్ వస్తుంది. అంతే తేడా.

నేను పచ్చదనానికి దుష్మన్ కాదు. బాగ్‌లింగంపల్లి, బషీర్‌బాగ్ అని పేర్లు పెట్టుకున్న షహర్ ఇది. బాగ్-ఎ-ఆమ్‌లో గడ్డి ఉండాలి. ఆదివారం పూట బిర్యానీ డబ్బాలు పట్టుకుని వచ్చే కుటుంబాలకు, బంతి వెనక పరుగెత్తే పిల్లలకు అక్కడ గడ్డి వాళ్ల హఖ్. నేనడిగేది ఒక్కటే. ఏ గడ్డి మీద మనిషి పాదం పడుతుంది? కోసేవాడు తప్ప ఇంకెవరూ కాలు పెట్టని గడ్డికి తాగే నీళ్లు ఎందుకు? అమెరికాలో నెవాడా రాష్ట్రం 2021లో సరిగ్గా ఈ ప్రశ్న మీదే చట్టం చేసింది. లాస్ వేగస్ వైపు రోడ్ల పక్కన, ఆఫీసుల ముందు అలంకారానికి పెంచే గడ్డికి 2027 నుంచి కొలరాడో నది నీళ్లు బంద్. డబ్బుకు కొదవలేని ఊరే ఆ పని చేస్తే మనకు నామోషీ ఏంటి?

గడ్డి తీసేసి సిమెంటు పోయమనడం లేదు. డివైడర్ మీద కాగితంపూలు, గన్నేరు, నందివర్ధనం, తంగేడు బతుకుతాయి. అంచుకు మెహెందీ కంచె వేసుకోవచ్చు. వెడల్పున్న చోట వేప, కానుగ. వేళ్లూనుకున్నాక ఇవి వారానికోసారి నీళ్లకు కూడా ఓర్చుకుంటాయి. అయితే నీళ్లు తక్కువ తాగితే చాలు అనుకుని ఏది పడితే అది నాటినా ముసీబతే. కోనోకార్పస్ కథ మీకు తెలుసు. ఎండకు తట్టుకుంటుంది, త్వరగా పెరుగుతుంది అని ఊరూరా నాటారు. పుప్పొడితో ఉబ్బసం వాళ్లకు తిప్పలని, వేళ్లు పైపుల్లోకి దూరుతున్నాయని ఫిర్యాదులు వచ్చాయి. గుజరాత్ 2023లో నాటడం ఆపేసింది, తెలంగాణ నర్సరీల్లోనూ పెంచొద్దన్నారు. మనవాళ్ల షౌఖ్ అలాంటిది, ఒక మొక్క దొరికితే రాష్ట్రమంతా అదే.

కరువుకు ఓర్చే మొక్కకైనా మొదటి రెండు మూడేళ్లు నీళ్లు పెట్టాల్సిందే. హరితం పేరుతో ఫోటో దిగి వదిలేసిన మొక్కలు ఎండేది ఇక్కడే. డ్రిప్ పైపులు వేస్తే సరిపోదు. ఎలుకలు కొరుకుతాయి, ఎవరో కోసుకుపోతారు, రంధ్రాలు పూడిపోతాయి. నన్నడిగితే కాంట్రాక్టర్‌కు నాటిన మొక్కల లెక్కన పైసలు ఇవ్వడం మానేయాలి. మూడో ఏడు బతికున్న మొక్కల లెక్కన ఇవ్వాలి. అప్పుడు చూడండి, ఫిల్టర్ ఎవరు కడుగుతారో!

మన పాతవాళ్లకు ఈ తెలివి ఉంది. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర బడీ బావ్లీ 2013 వానలకు ఒక పక్క కూలింది. దాన్ని మళ్లీ కట్టి, పూడిక తీస్తే వాన నీళ్లు నిండాయి. ఇప్పుడు అక్కడి తోటలకు ఆ నీళ్లే వాడుతున్నారు. గోల్కొండ మెట్లబావులకు 2022లో యునెస్కో అవార్డు కూడా వచ్చింది. కొత్తగా కనిపెట్టిందేమీ లేదు, ఉన్నదాన్ని శుభ్రం చేశారు.

ఇంతవరకూ మున్సిపాలిటీని అన్నాను. ఇప్పుడు మన గురేబాన్‌లోకి చూసుకుందాం. ఒక రోజు మా మస్జిద్‌లో నేను వజూ చేసే నల్లా కింద బకెట్ పెట్టాను. మామూలుగానే చేశాను. ఆరు లీటర్లు! నబీ (స) ఒక ముద్ నీళ్లతో వజూ చేసేవారని చిన్నప్పటి నుంచీ చదువుకున్నవాణ్ణి. ముద్ అంటే ఎక్కువలో ఎక్కువ ఒక లీటరు. జుమాకు మా మస్జిద్‌కు నాలుగు వందల మంది వస్తారు. 2,400 లీటర్లు, సగం ట్యాంకర్, నేరుగా మోరీలోకి. డివైడర్ మాలీని ప్రశ్నించిన నోటితో ఇస్రాఫ్ గురించి ఎవరికి చెప్పను?

వజూ నీళ్లలో సబ్బు ఉండదు. ఆ నీళ్లతో మళ్లీ వజూ కుదరదు గానీ అవి పాక్ నీళ్లే, మొక్కలకు పోయొచ్చు అని మా ఇమామ్ సాబ్ చెప్పారు. మస్జిద్ వెనకే ఖబ్రస్తాన్. గోడ వెంట ఒక్క చెట్టు లేదు. మండే ఎండలో జనాజా మోసుకెళ్లి, నీడ లేక తొందర తొందరగా మట్టి ఇచ్చి వచ్చేస్తున్నాం. వజూఖానా మోరీకి ఒక జాలీ, ఒక చిన్న హౌజ్, అక్కడి నుంచి ఖబ్రస్తాన్ వాలు వైపు ఒక పైపు. ఖబర్‌ల జోలికి పోకుండా గోడ వెంట మాత్రమే వేప, కానుగ, రేగు. మయ్యత్ గుసుల్‌కు బేరీ ఆకు కోసం ప్రతిసారీ ఎవరో ఒక కుర్రాణ్ణి స్కూటర్ మీద పంపుతున్నాం కదా, అది మన గోడ పక్కనే ఉంటుంది.

సదర్ సాబ్‌తో ఈ మాట అంటే, "పెయింటింగ్ పని ఉంది, అది అయ్యాక చూద్దాం" అన్నారు. గోడలకు రంగు నిరుడే వేశాం. ఇన్షా అల్లాహ్ వచ్చే జుమా తర్వాత మళ్లీ అడుగుతాను. ఈసారి బకెట్ తీసుకునే వెళ్తాను. గుంతలు తొలకరికి ముందే తీయాలి. మా మొహల్లా కుర్రాళ్లు ఆరుగురు గడ్డపారలతో వస్తామన్నారు. పైపు ఖర్చు మాత్రం ఇంకా తేలలేదు.